కేకూ కావాలి, ఆరోగ్యమూ కావాలి
వంటింటి ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మేడమ్, ఇంట్లో అందరం కాస్త ఆరోగ్యంగా తిందామని అనుకున్నాం. ఎప్పుడూ చేసే వెనిలా కేక్‌లో మైదా బదులు గోధుమపిండి, వెన్న బదులు యాపిల్ గుజ్జు వేసి, చక్కెర సగానికి తగ్గించాను. ఇటుకలా వచ్చింది. పిల్లలు ఒక్క ముక్క కొరికి వదిలేశారు. ఎక్కడ తేడా కొట్టింది?

జవాబు: మీ చేతిలో లోపమేమీ లేదమ్మా. మూడు మార్పులు ఒకేసారి చేశారు, ఏది కొంప ముంచిందో ఇక ఎలా తెలుస్తుంది?

చక్కెర తీపి కోసమేననుకుంటాం. కానీ కేక్‌లో తేమను పట్టి ఉంచేదీ అదే. గ్లూటెన్ (పిండిని సాగేలా చేసే ప్రొటీన్) బిగుసుకుపోకుండా అడ్డుపడుతుంది, పైన రంగు రావడానికీ సాయపడుతుంది. వెన్న పిండి రేణువులకు పూతలా పట్టి వాటికి నీరు ఎక్కువగా అందనివ్వదు. యాపిల్ గుజ్జు చాలావరకు నీరే. అంటే కొవ్వు పోయింది, నీరు వచ్చింది, చక్కెర సగమైంది. ఇక మెత్తదనం ఎక్కణ్నుంచి వస్తుంది?

గోధుమపిండి కాస్త అరచేతిలో పోసుకుని చూడండి. సన్నటి పొట్టు తునకలు కనిపిస్తాయి. అవి నీళ్లు బాగా తాగుతాయి, కానీ నెమ్మదిగా. కలపగానే ఓవెన్‌లో పెట్టేస్తే ఆ తాగడమేదో కేక్ కాలుతుండగా జరుగుతుంది. కోసేసరికి పొడిపొడిగా రాలుతుంది. అందుకే నేను రెసిపీలో ఉన్న పాలలో గోధుమపిండి కలిపి ఓ అరగంట పక్కన పెడతాను. మొదట జారుడుగా ఉన్న పిండి అరగంటయ్యాక చెంచాను పట్టుకుని ఉంటుంది. మరీ బిగిస్తే రెండు మూడు చెంచాల పాలు పోయండి. బేకింగ్ పౌడర్ మాత్రం టిన్‌లోకి వంచే ముందే.

ఈసారి చక్కెర ఒక్కటే ముట్టుకోండి. 200 గ్రాములుంటే 150 చేయండి. పావు వంతు తగ్గితే తినేవాళ్లు పెద్దగా గమనించరు, వెనిలా ఇంకొంచెం వేస్తే అసలే గమనించరు. అది కుదిరాక మైదాలో సగం గోధుమపిండి. మొత్తం మార్చాలన్న పట్టుదల నాకైతే లేదు, మీకూ అక్కర్లేదు.

వెన్న జోలికి చివర్న వెళ్లండి. వెన్నలో కొవ్వు సుమారు 80 శాతమే, మిగతాది ఎక్కువగా నీరు. కాబట్టి 100 గ్రాముల వెన్న బదులు 80 గ్రాముల నూనె చాలు. దీనివల్ల కేలరీలు పెద్దగా తగ్గవు, గుండెకు అంత మంచిది కాని శాచురేటెడ్ కొవ్వు తగ్గుతుంది (పామాయిల్, కొబ్బరినూనె తప్ప). నూనెకు వెన్నలా గాలిని పట్టి ఉంచే గుణం లేదు గనక గుడ్లూ చక్కెరా తెల్లగా నురగ వచ్చేదాకా గిలక్కొట్టాలి. యాపిల్ గుజ్జు మీదే మనసుంటే సగం వెన్న బదులు వేయండి, అంతకు మించొద్దు.

అన్నట్టు, కప్పు కొలతలు మానేసి చిన్న తూకం మిషన్ కొనుక్కోండి. ఒకే కప్పుతో మైదాను మెల్లగా చెంచాతో నింపితే 120 గ్రాములు వస్తుంది, డబ్బాలో ముంచి తీస్తే 150 దాకా పోతుంది. సగం కేకులు గట్టిపడేది అక్కడే.

ప్రశ్న: చక్కెర మానేసి తేనె వాడుతున్నా. సహజమైనదే కదా, ఎంత వేసినా పర్వాలేదా అక్కా?

జవాబు: పర్వాలేదని చెప్పలేను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తేనె కూడా చక్కెర లెక్కలోకే వస్తుంది, పళ్లరసం కూడా. రోజుకు 2,000 కేలరీలు తినేవాళ్లకు ఇలాంటి చక్కెరలన్నీ కలిపి 50 గ్రాముల లోపు ఉండాలి, 25కి దింపగలిగితే ఇంకా మేలు అని ఆ సంస్థ సూచన. 150 గ్రాముల చక్కెర వేసిన కేక్‌ను 12 ముక్కలు కోస్తే ఒక్కో ముక్కలో పన్నెండున్నర గ్రాములు, అంటే మూడు టీస్పూన్లు. పాతిక గ్రాముల్లో సగం అయిపోయినట్టే. తేనె రుచి ఇష్టమైతే వాడండి, ఆరోగ్యమని మాత్రం వాడకండి. తేనె వేసిన కేక్ త్వరగా మాడుతుంది, ఓవెన్ వేడి ఓ పది పదిహేను డిగ్రీలు తగ్గించండి.

ప్రశ్న: ఒక్కణ్నే ఉంటాను, రోజూ వండుకుంటాను. నూనె తగ్గిస్తే కూరగాయలు ఉడకబెట్టినట్టు చప్పగా ఉంటున్నాయి. ఏం చేయాలి?

జవాబు: తమ్ముడూ, ముందు సీసాలోంచి నేరుగా మూకుట్లోకి ఒంపడం ఆపు. ఒక టేబుల్‌స్పూన్ నూనె అంటే సుమారు 120 కేలరీలు. ఒంపేటప్పుడు ఒకటో మూడో ఎవరికి తెలుసు? చెంచాతో కొలిచి వేస్తే సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

ఇక రుచి. ఓవెన్ ఉంటే 220 డిగ్రీలు పెట్టు. క్యారెట్, కాలీఫ్లవర్ ముక్కలను బట్టతో బాగా తుడిచి, ఒక పెద్ద చెంచా నూనె చేత్తో పట్టించి, ట్రేలో ఒక్క వరుసగా పరుచు. ముక్కకూ ముక్కకూ మధ్య వేలు పట్టేంత సందు ఉండాలి. ఒకదాని మీద ఒకటి పోస్తే వాటి ఆవిరికి అవే ఉడుకుతాయి, నువ్వు చెప్పిన చప్పదనం అదే. పాతిక నిమిషాలకు అంచులు నల్లబడుతూ తియ్యటి వాసన వస్తుంది. అప్పుడు నిమ్మరసం పిండు. పులుపు ఉంటే ఉప్పు తక్కువైనట్టు నాలుకకు తెలీదు. మొత్తం ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూన్ కంటే తక్కువే ఉండాలి. బ్రెడ్, సాసుల్లోదీ అందులోకే వస్తుంది.

ప్రశ్న: మా అమ్మకు షుగర్ ఉంది. షుగర్‌ఫ్రీ పొడితో కేక్ చేస్తే ఎంతైనా తినొచ్చా?

జవాబు: చక్కెర లేకపోయినా పిండి ఉందిగా! మైదా అయినా గోధుమపిండి అయినా రక్తంలో గ్లూకోజ్‌ను పెంచుతాయి. సగం పిండి బదులు బాదం పొడి వేస్తే ఆ భారం తగ్గుతుంది, కేక్ కూడా తేమగా ఉంటుంది. అమ్మగారు ఎంత తినొచ్చన్నది వాళ్ల డాక్టరే చెప్పాలి, నేను చెప్పకూడదు.

ప్రశ్న: ఆరోగ్యకరమైన కేకే చేస్తున్నా, కానీ ఇంట్లో ఉంటే రెండు రోజుల్లో నేనే ఖాళీ చేసేస్తున్నా!

జవాబు: పూర్తిగా చల్లారాక ముక్కలు కోసి, మధ్యలో బటర్ పేపర్ పెట్టి, గాలి చొరని డబ్బాలో ఫ్రీజర్‌లోకి తోసేయండి. తినాలనిపించినప్పుడు ఒక్క ముక్క బయట పెట్టి, అరగంటో ముప్పావుగంటో ఆగాలి. ఆ లోపు సగం సార్లు కోరిక చల్లారిపోతుంది. మిగతా సగం సార్లు హాయిగా తినండి.