డాక్టర్ సలహా: కాళ్ల మంటకు నొప్పి బిళ్ల పనిచేయదు

ప్రశ్న: మా తమ్ముడికి 34 ఏళ్లు. రెండేళ్ల కిందట తాటిచెట్టు మీంచి పడి వెన్నెముక దెబ్బతింది. ఛాతీ కింద నుంచి స్పర్శ లేదు. కాళ్లు మంటలని, భుజం నొప్పని రోజూ రెండు డైక్లోఫెనాక్ బిళ్లలు వేసుకుంటున్నాడు. ఇబుప్రోఫెన్ వాడితే నరాలు మళ్లీ పెరుగుతాయని ఫోన్‌లో చూశాడట. మార్చమంటారా డాక్టర్ గారూ? – ఒక అక్క, గుంటూరు

జవాబు: వద్దమ్మా. మీరు విన్నది పూర్తిగా కట్టుకథ కాదు. ఇబుప్రోఫెన్ ఇస్తే ఎలుకల్లో తెగిన నరాల పోగులు కొంత పెరిగాయని 2007లో ఒక పరిశోధన వచ్చింది. 2013లో ఇంకో బృందం మళ్లీ చేసి చూస్తే అంత ఫలితం కనబడలేదు. తర్వాత బెర్లిన్‌లో మనుషులకు రోజుకు 2,400 మిల్లీగ్రాములు ఇచ్చి చూసే ప్రయత్నం మొదలైంది. అదీ కొత్తగా దెబ్బ తగిలినవాళ్లకే, ముందు ఆ మోతాదు భద్రమో కాదో తేల్చడానికి. రెండేళ్లు దాటిన మీ తమ్ముడికి అది వర్తించదు.

కాళ్ల మంట దెబ్బతిన్న నరం నుంచి పుడుతుంది. అక్కడ వాపు లేదు, కాబట్టి డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ లాంటి వాపు తగ్గించే బిళ్లకు పనీ లేదు. దానికి ప్రీగాబలిన్, గాబాపెంటిన్ లాంటివి వేరే ఉన్నాయి. మోతాదు కిడ్నీల పనితీరును బట్టి డాక్టరే నిర్ణయించాలి, మెడికల్ షాపతను కాదు.

నన్ను భయపెడుతున్నది అతని కడుపు. రోజూ వేసుకునే ఆ డైక్లోఫెనాక్ బిళ్లలతో కడుపులో పుండు పడి, చిల్లు పడినా మనలా మెలికలు తిరగడు, నొప్పి తెలియదు కదా! నల్లటి విరేచనం, ఊరికే చెమటలు, వాంతులు, కాళ్లు ఎన్నడూ లేనంతగా బిగుసుకోవడం – వీటిలో ఏది కనిపించినా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కిడ్నీల సంగతీ అంతే, ఆ బిళ్లలతో అవీ చాటుగా దెబ్బతినొచ్చు. కిడ్నీల పరీక్షలో చూసే క్రియాటినిన్ కండ నుంచే వస్తుంది కాబట్టి, కండ తగ్గిపోయినవాళ్లకు కిడ్నీ దెబ్బతిన్నా అది నార్మల్‌గానే రావచ్చు. రిపోర్టు బాగుందని ఊరుకోకండి, కండ మీద అంతగా ఆధారపడని సిస్టాటిన్-సి అనే కిడ్నీ రక్తపరీక్ష గురించి అడగండి.

భుజం నొప్పి మాత్రం అసలైన వాపు నొప్పే. చక్రాల కుర్చీ తోసీ తోసీ, చేతులమీదే లేచి దిగీ వస్తుంది. డాక్టరు చెబితే బిళ్ల కొద్దిరోజులు చాలు, పైపూత జెల్ ఇంకా మేలు. ఫిజియోథెరపిస్టుకు చూపించండి. ఈలోగా మంచం ఎత్తు, కుర్చీ సీటు ఎత్తు టేపు పెట్టి కొలవండి. తేడా ఉంటే మంచం కాళ్ల కింద చెక్కలు పెట్టో, కోసో సమానం చేయించండి.