పిల్లలకి షాంఘై చూపించడానికి నాలుగు లక్షల లోనా?

ప్రశ్న: నమస్తే సార్. మాది హైదరాబాద్, కొంపల్లి. సాఫ్ట్‌వేర్‌లో చేస్తాను, చేతికి నెలకి 1,15,000 వస్తుంది. రెండోవాడు పుట్టాక మా ఆవిడ ఉద్యోగం మానేసింది. పాపకి ఆరేళ్ళు, బాబుకి మూడేళ్ళు. ఇంటి ఈఎంఐ 42,000, కారు ఈఎంఐ 14,500, ఇంటి ఖర్చులు, స్కూలు ఫీజు కలిపి 35,000 దాకా అవుతుంది. ఏప్రిల్‌లో బోనస్ 1,20,000 వస్తుంది. బ్యాంకులో 2,10,000 ఉంది. కిందటేడు మా తోడల్లుడు వాళ్ళు షాంఘై వెళ్ళొచ్చారు. ఆ ఫొటోలు చూసినప్పట్నుంచి పాప డిస్నీల్యాండ్ అంటూ ఒకటే గొడవ. దసరా సెలవుల్లో వెళ్దామని ఏజెంటుని అడిగితే నలుగురికీ ఐదు రాత్రులకి 5,20,000 అన్నాడు. షాపింగ్‌కీ, పైఖర్చులకీ ఇంకో 60,000 అనుకుంటున్నాం. మా బ్యాంకు యాప్‌లో నాలుగు లక్షల పర్సనల్ లోన్ ప్రీ అప్రూవ్డ్ అని వస్తోంది, 14 శాతం, మూడేళ్ళు. మిగతాది సేవింగ్స్‌లోంచి పెట్టేస్తాం. వీసాకి స్టేట్‌మెంట్‌లో డబ్బు కనిపించాలి కదా అని లోన్ ముందే తీసేసుకుందామనుకుంటున్నా. పర్సనల్ లోన్ మంచిదా, బంగారం పెట్టి తీసుకోవడం మంచిదా?

జవాబు: రెండూ వద్దండి.

ఇంతటితో ఆపేయొచ్చు, కానీ ఇలాంటి ఉత్తరాలు నాకు చాలానే వస్తుంటాయి. ఊరు మారుతుంది, ఒకరు దుబాయ్ అంటారు, ఒకరు బాలి అంటారు, లెక్క మాత్రం అదే లెక్క. అందరూ ఈఎంఐ కట్టగలమా లేదా అన్నది ఒక్కటే చూసుకుంటారు. టూర్ నుంచి తిరిగొచ్చిన మర్నాడు అకౌంట్లో ఎంత మిగులుతుందన్నది ఒక్కరూ చూసుకోరు. మీరూ చూసుకోలేదు.

నేను చూశాను. టూర్‌కి మొత్తం 5,80,000. నాలుగు లక్షల లోన్‌లో ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అనుకుంటే, దాని మీద జీఎస్టీతో కలిపి 9,440 ముందే కోసేసుకుని, మీ చేతికి 3,90,560 ఇస్తారు. మిగతా 1,89,440 సేవింగ్స్‌లోంచి తీస్తారు. అంటే శంషాబాద్‌లో దిగి క్యాబ్ ఎక్కేసరికి మీ కుటుంబం మొత్తానికి ఉన్న డబ్బు 20,560 రూపాయలు. మీ ఇల్లు నడవడానికి నెలకి 91,500 కావాలి. కొత్త ఈఎంఐ 13,671 కలిపితే లక్షా ఐదు వేలు దాటుతుంది. ఆ ఇరవై వేలు వారం రోజులకి కూడా రావు. జీతం ఒక్కటే, అదీ సాఫ్ట్‌వేర్ జీతం. ఈమధ్య కంపెనీలు ఒక్క మెయిల్‌తో మనుషుల్ని ఎలా పంపించేస్తున్నాయో నేను మీకు చెప్పాలా?

వడ్డీ సంగతి నేను పెద్దగా పట్టించుకోవడం లేదని గమనించండి. మూడేళ్ళలో 92,000 వడ్డీ పోతుంది, ఫీజుతో కలిపి లక్ష దాటుతుంది. పోతే పోనీ, లక్ష రూపాయలు మళ్ళీ సంపాదించుకుంటారు. నా భయమల్లా ఆ మూడేళ్ళలో ఏదో ఒక నెల జీతం పడకపోతే ఏం చేస్తారని. ఇంటి ఈఎంఐ బౌన్స్ అవుతుంది, బ్యాంకు చార్జీలు వేస్తుంది, అప్పులు ఎలా కడుతున్నారో చెప్పే సిబిల్ స్కోరు పడిపోతుంది. అప్పుడు క్రెడిట్ కార్డు గీకుతారు, దాన్ని తీర్చడానికి ఏ లోన్ యాప్ దగ్గరికో వెళ్తారు. అక్కడిదాకా వెళ్ళాక నా దగ్గరికి వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళలో ఒకాయనకి పిల్లల్ని తీసుకుని థాయ్‌లాండ్ వెళ్ళొచ్చిన రెండు నెలలకే ఉద్యోగం పోయింది. జీతం 90,000, చేతిలో పట్టుమని పది వేలు లేవు. కొత్త ఉద్యోగం ఐదో నెలలో దొరికింది, ఈలోపే వాళ్ళావిడ నగలు అమ్మేశారు.

మీకు ఎమర్జెన్సీ ఫండ్ కింద, అంటే జీతం ఆగినా ఇల్లు నడవడానికి, ఆరు నెలల ఖర్చు కావాలి. 91,500 లెక్కన ఐదున్నర లక్షలు. ఒకటే జీతం, ఇద్దరు పసిపిల్లలు, నెత్తిన రెండు ఈఎంఐలు ఉన్న ఇంటికి ఇది నా లెక్కలో తక్కువే. మీ దగ్గర ఉన్నది 2,10,000. రెండు నెలల చిల్లరకి వస్తుంది. దాన్ని మీరు ‘సేవింగ్స్’ అని రాశారు. అది సేవింగ్స్ కాదండి, సగం కూడా నిండని ఎమర్జెన్సీ ఫండ్. దాంట్లోంచి టూర్‌కి ఒక్క రూపాయి తీయడానికి వీల్లేదు.

లోన్ జోలికి వెళ్ళకపోతే మీ లెక్క ప్రకారం నెలకి 23,500 మిగలాలి. బోనస్ లెక్కలో వేసుకోకపోయినా పదిహేను నెలల్లో ఐదున్నర లక్షలు నిండుతాయి. లోన్ తీసుకుంటే నెలకి మిగిలేది 9,829. అప్పుడు అదే ఫండ్ నిండడానికి మూడున్నరేళ్ళు దాటుతుంది. మీరు పోల్చుకోవాల్సింది ఈ రెండింటినీ, 14 శాతాన్నీ గోల్డ్ లోన్ వడ్డీనీ కాదు.

ఇక్కడ ఇంకో అనుమానం. నెలకి 23,500 నిజంగా మిగులుతుంటే రెండేళ్ళకే 5,64,000 పోగవ్వాలి. మీ దగ్గర 2,10,000 మాత్రమే ఉంది. అంటే ఇంటి ఖర్చు 35,000 అన్నది మీరు అనుకుంటున్న లెక్క, అవుతున్న ఖర్చు కాదు. స్విగ్గీ, పుట్టినరోజు ఫంక్షన్లు, ఊరికి వెళ్ళి రావడాలు, కారు సర్వీసింగ్ ఇవన్నీ ఎక్కడ రాశారు? గత ఆరు నెలల స్టేట్‌మెంట్ తీసి మీరూ మీ ఆవిడా కూర్చుని చూడండి. అసలు ఖర్చు 45,000 అని తేలితే ఫండ్ ఆరు లక్షలు దాటాలి, ఆ 13,671 ఈఎంఐ కట్టడానికే నెలనెలా తడుముకోవాల్సి వస్తుంది.

బంగారం గురించి అడిగారు. వడ్డీ తక్కువ పడుతుంది, నిజమే. కానీ అన్ని దారులూ మూసుకుపోయినప్పుడు ఇంట్లో మిగిలే ఆఖరి ఆసరా అది. దాన్ని తాకట్టు పెట్టి రోలర్ కోస్టర్ ఎక్కుతానంటే నేను సరే అనలేను. ‘ముందు తిరిగి రండి, తర్వాత కట్టండి’ అనే ట్రావెల్ ఈఎంఐలు కూడా ఈ బాపతే. ఇక వీసా కోసం ముందే లోన్ తీసుకోవడం ఏమిటండీ? డబ్బు అకౌంట్లో పడిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. అప్పు తెచ్చి బ్యాలెన్స్ చూపించాల్సి వస్తోందంటే టూర్‌కి ఇంకా టైమ్ రాలేదని అర్థం.

మరి పాపకి ఏం చెప్పాలి? రెండేళ్ళాగుదాం అని చెప్పండి. ఈ రెండేళ్ళూ నెలకి 23,500 పక్కన పడితే, రెండు బోనస్‌లూ ముట్టుకోకపోతే, ఇప్పుడున్నదానితో కలిపి 10,14,000 అవుతుంది. ఐదున్నర లక్షలు ఫండ్‌కి పోను 4,64,000 టూర్‌కి మిగులుతుంది, అప్పు పైసా లేదు. ఫండ్‌కీ టూర్‌కీ ఖాతాలు విడివిడిగా ఉంచండి, ఎమర్జెన్సీ డబ్బు స్వీప్ ఇన్ ఎఫ్‌డీలో (కావాల్సినప్పుడు ఖాతాలోంచే తీసుకోగలిగే ఎఫ్‌డీ) కొంత, లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) కొంత చాలు. అందులో డబ్బుకి రాబడి ఎంత అని మాత్రం నన్ను అడక్కండి, అది అందుకోసం పెట్టేది కాదు. మూడేళ్ళ బాబుకి ఇప్పుడు చూపించినా ఏం గుర్తుంటుంది, ఐదేళ్ళకి తీసుకెళ్తే కనీసం స్కూల్లో చెప్పుకుంటాడు. పైగా వాడి టికెట్ తక్కువకి వస్తుందనుకుంటున్నారేమో, రెండేళ్ళు నిండిన పిల్లలకి సీటు కొనాల్సిందే, అంతర్జాతీయ విమానాల్లో అది పెద్దవాళ్ళ టికెట్‌కి దగ్గర్లోనే ఉంటుంది. తొందరపడి ఇప్పుడే వెళ్ళినా ఆ లెక్కలో మీకు కలిసొచ్చేదేం లేదు.

4,64,000తో షాంఘై అవుతుందా అంటే, అవుతుంది, దసరా అని పట్టుబట్టకుండా ఉంటే. చైనాలో అక్టోబర్ 1 నుంచి వారం పాటు జాతీయ దినోత్సవ సెలవులు, దేశం దేశమంతా రోడ్డు మీదే ఉంటుంది. కొన్నేళ్ళు మన దసరా సెలవులు సరిగ్గా దానిమీదే పడతాయి, 2025లో దసరా అక్టోబర్ 2నే వచ్చింది. ఆ వారం హోటళ్ళ రేట్లు మామూలుగా ఉండవు, డిస్నీల్యాండ్‌లో పిల్లల్ని భుజాన వేసుకుని క్యూలో నిలబడటంతోనే రోజు గడిచిపోతుంది. మే రెండో వారమో మూడో వారమో చూసుకోండి. వాళ్ళ మే డే సెలవులు అప్పటికి అయిపోతాయి, జూన్‌లో పట్టే ముసురు ఇంకా మొదలవదు, మన పిల్లలకి ఎలాగూ ఎండాకాలం సెలవులే. డిస్నీ టికెట్ కూడా తేదీని బట్టి మారుతుంది, పెద్దవాళ్ళకి 475 యువాన్ల రోజులున్నాయి, 799 యువాన్ల రోజులూ ఉన్నాయి. యువాన్ సుమారు 13 రూపాయలు వేసుకున్నా మీ ఇద్దరి టికెట్ల మీదే 8,400 తేడా.

ఏజెంటు మీకు ఇచ్చింది గైడ్, ప్రైవేట్ కారుతో ప్యాకేజీ అయ్యుంటుంది. ఆ ఊరికి కారు అక్కర్లేదు. మెట్రో 3 యువాన్లతో మొదలవుతుంది, 1.3 మీటర్ల లోపు పిల్లలకి పెద్దవాళ్ళతో వెళ్తే ఉచితం, కాకపోతే ఒక పెద్దవాళ్ళకి ఒక్క పిల్లే లెక్క. పుడోంగ్ ఎయిర్‌పోర్టు నుంచి అయస్కాంతాల మీద తేలుతూ పోయే మాగ్లెవ్ రైలు ఎక్కించండి, 30 కిలోమీటర్లు ఎనిమిది నిమిషాల్లో పోతుంది, పెద్దవాళ్ళకి 50 యువాన్లు, అదే రోజు విమాన టికెట్ చూపిస్తే 40. పిల్లలు దాని గురించే నెలరోజులు మాట్లాడతారు. సాయంత్రం నది ఒడ్డున ఉండే బండ్ అనే వీధిలో నడిస్తే నది అవతల లైట్లన్నీ ఊరికే కనిపిస్తాయి. క్రూజ్ టికెట్ కొనకుండా హువాంగ్పూ నది దాటించే మామూలు ఫెర్రీ ఎక్కితే రెండు యువాన్లు. 632 మీటర్ల షాంఘై టవర్‌ని కింద నుంచి చూసినా అదే ఎత్తు, పైకెక్కాలా వద్దా అన్నది మీ ఇష్టం.

అక్కడ చిన్న కొట్లలో మన కార్డులు గీకరు. అలీపే అనే అక్కడి పేమెంట్ యాప్‌లో మీ వీసా కార్డునో మాస్టర్‌కార్డునో ముందే జతచేసుకోండి. ఒక్కో బిల్లు 200 యువాన్లు దాటితే వాళ్ళు 3 శాతం ఫీజు వేస్తారు. దానిపైన మీ కార్డు ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీలో ఖర్చుకి బ్యాంకు వేసే చార్జీ), చాలా కార్డులకి 3.5 శాతం దాకా ఉంటుంది, దానిమీద మళ్ళీ జీఎస్టీ. మార్కప్ లేని కార్డు ఒకటి తీసుకుని వెళ్ళండి. ప్యాకేజీ అయితే టీసీఎస్ (ఏజెంటు ముందే వసూలు చేసే పన్ను) కడతారు కదా, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేసేటప్పుడు అది చూపించడం మర్చిపోకండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ నలుగురికీ తప్పనిసరి, అక్కడ ఆసుపత్రిలో ముందు డబ్బు కట్టమంటారు.

ఈ రెండేళ్ళలో పిల్లల్ని ఎక్కడికీ తీసుకెళ్ళొద్దని నేననడం లేదు. అరకు వెళ్ళండి, మీకు తోచిన చోటికి వెళ్ళండి, ఆ నెల మిగులులో అయ్యేదైతే చాలు. మీ తోడల్లుడు ఏ డబ్బుతో వెళ్ళాడో మీకు తెలీదు. బహుశా ఆయనా ఈఎంఐ కడుతూ ఉండొచ్చు, ఫొటోల్లో అది కనిపించదు కదా.

ఏజెంటుకి అడ్వాన్స్ ఇచ్చారో లేదో రాయలేదు. ఇచ్చుంటే ఈ వారమే ఫోన్ చేసి రద్దు చేసుకుంటే ఎంత వెనక్కిస్తారో వాట్సాప్‌లో రాయించుకోండి, విమాన టికెట్లు కొట్టేశాక అడిగితే చాలా తక్కువ వస్తుంది. బ్యాంకు యాప్‌లో ఆ ప్రీ అప్రూవ్డ్ నోటిఫికేషన్లు ఆపేయండి. స్టేట్‌మెంట్ చూశాక ఇంటి ఖర్చు ఎంత తేలిందో, మీ పేరున టర్మ్ పాలసీ ఎంతకి ఉందో, ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ కాకుండా సొంతది ఉందో లేదో మళ్ళీ రాయండి. అవి తెలిస్తేగానీ ఐదున్నర లక్షలు చాలతాయా లేదా అన్నది కచ్చితంగా చెప్పలేను.