జాతీయవాదం పాతదా, కొత్తదా: వ్యాసం ఆగిపోతే

జాతీయవాదం పుట్టుక, సమస్యల గురించి మీరు రాస్తున్న వ్యాసం "జాతులు (నేషన్లు) ప్రాచీనమైనవా, 1789 ఫ్రెంచి విప్లవం తర్వాతివా" అన్న చోట ఆగింది రెండు ప్రశ్నలు కలిసిపోవడం వల్లే. ఉమ్మడి భాష, మతం, గాథలు ఉన్న సమూహాలు చాలా పాతవి. జాతికి తన రాజ్యం ఉండాలనే జాతీయవాదం మాత్రం ఆధునిక రాజకీయ సూత్రం.

1. ఈ రెంటినీ వేర్వేరు పేరాల్లో రాయండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: అధికారం ఎవరిది? జనం ఏ భాష మాట్లాడినా పన్ను కట్టి, విధేయంగా ఉంటే పాత సామ్రాజ్యాలకు సాధారణంగా సరిపోయేది. 1789 ఆగస్టులో ఫ్రాన్సు హక్కుల ప్రకటన, 3వ అధికరణంలో, సార్వభౌమత్వం జాతిదే అంది. దాంతో "జాతిలో ఎవరున్నారు?" అన్నది అధికారాన్ని తేల్చే ప్రశ్న అయింది. ఇది చెప్పకుండా అచ్చుయంత్రం, బడి, నిర్బంధ సైనికసేవ అంటూ కారణాలు పేరిస్తే అతకవు. అవి ఆ భావాన్ని ఊరూరికీ చేర్చిన సాధనాలు.

3. సమస్యలనూ అక్కడి నుంచే తీయండి. "దేశభక్తి ముదిరితే ప్రమాదం" అన్న వాక్యం కొట్టేయండి, అది ఏమీ వివరించదు. జాతి, రాజ్యం హద్దులు ఒకటే కావాలన్నప్పుడు అల్పసంఖ్యాకులు ఏమవుతారో చూపండి. 1923లో గ్రీసు, టర్కీల జనాభా మార్పిడి ఒప్పందం, ఎవరు ఏ దేశానికి వెళ్లాలో తేల్చడానికి మతాన్ని కొలమానంగా పెట్టుకుంది. దాని పరిధిలోకి వచ్చినవాళ్లు 10 లక్షలకు పైనే.