చిగుళ్ల రక్తం పెరుగుతో ఆగదు, ఇవాళే ఐఎన్‌ఆర్ చేయించండి

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. గుండెలో మెటల్ వాల్వ్ ఉంది, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నారు. విరేచనాలైతే మెడికల్ షాపులో మెట్రోనిడజోల్ తెచ్చి ఐదు రోజులు వేశాం. ఇప్పుడు పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. యాంటీబయాటిక్స్‌తో పేగుల్లో విటమిన్ కె తయారుచేసే బ్యాక్టీరియా చనిపోతుందట. అది ఆ విటమిన్‌ను ఎలా చేస్తుంది? పెరుగు ఎక్కువ పెడితే సరిపోతుందా? - ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ఇవాళే పీటీ ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చూపే) పరీక్ష చేయించండి. రిపోర్టుతో మీ కార్డియాలజిస్టును కలవండి. మెట్రోనిడజోల్ వేసుకుంటే వార్ఫరిన్ ఒంట్లోంచి త్వరగా పోదు, దాని ప్రభావం బాగా పెరుగుతుంది. చూడకుండా కచ్చితంగా చెప్పలేను కానీ, నాకు మొదటి అనుమానం దీని మీదే.

ఇక బ్యాక్టీరియా, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన విటమిన్ కె సంగతి. ఈ-కోలై లాంటివి కోరిస్మేట్ అనే పదార్థంతో మొదలుపెడతాయి. మెన్-ఎఫ్, మెన్-డి వంటి ఎంజైములు ఒకదాని తర్వాత ఒకటి దాన్ని మారుస్తాయి. మెన్-బి రెండో వలయాన్ని మూస్తుంది, మెన్-ఎ పొడవాటి తోకను తగిలిస్తుంది, చివర్లో మిథైల్ అనే చిన్న రసాయన ముక్క చేరితే కె2, అంటే బ్యాక్టీరియా చేసే విటమిన్ కె రకం, తయారు. ఇదంతా ఆక్సిజన్ లేని పేగులో అవి శ్వాసించడానికే. ఆ కె2 చాలావరకు వాటి పొరల్లోనే ఉండిపోతుంది. పెద్దపేగు నుంచి మన రక్తంలోకి వచ్చేది తక్కువ. మనకు ప్రధాన ఆధారం ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె రకం, కె1. విరేచనాలప్పుడు గంజి, మజ్జిగన్నంతో సరిపెట్టి ఉంటే అదీ తగ్గి ఉంటుంది.

పెరుగు మామూలుగా పెట్టండి, కానీ ఈ సమస్యకు అది మందు కాదు. అలాగని ఒక్కసారిగా తోటకూర, మునగాకు దండిగా పెట్టడం, విటమిన్ కె మాత్రలు కొనేయడం వద్దు. వార్ఫరిన్ పనితీరు పడిపోయి వాల్వ్ మీద గడ్డ కట్టే ప్రమాదం ఉంది. వార్ఫరిన్ డోసు కూడా సొంతంగా మార్చకండి, ఇవాళ్టి మాత్ర వేయాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి.

నాకు బాధ కలిగించే విషయం ఒకటే. రక్తం పల్చబడే మాత్ర వాడుతున్న మనిషికి ఆ సంగతి చెప్పకుండా షాపులో యాంటీబయాటిక్ ఎలా తెచ్చారమ్మా? కోట్రైమోక్సజోల్‌తోనూ ఇదే ప్రమాదం. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలతో కడుపులో రక్తస్రావం కావచ్చు. ఇకమీదట ఏ మందుకు వెళ్లినా వార్ఫరిన్ స్ట్రిప్పు, ఐఎన్‌ఆర్ రాసుకునే పుస్తకం చూపించండి.

మలం నల్లగా, మూత్రం ఎర్రగా వచ్చినా, తీవ్రమైన తలనొప్పి, మాట తడబాటు, మగత కనిపించినా, తలకు దెబ్బ తగిలినా రిపోర్టు కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.