ఎస్‌ఎమ్‌పీఎస్ కొనేముందు ముద్ర కింద నంబరు చదువు

బిడ్డా,

జడ్చర్లలో నీ కరెంటు కంట్రోల్ ప్యానెల్ వర్క్‌షాపుకు రెండు ఆర్డర్లు ఒక్కసారే వచ్చినయని మీ అమ్మ చెప్పింది. మిర్యాలగూడ రైస్ మిల్లు ఒకటి, పోలేపల్లి మందుల ఫ్యాక్టరీ ఒకటి. చాలా సంతోషం. రెండింటికీ ఒకే 24 వోల్టుల ఎస్‌ఎమ్‌పీఎస్ (మెయిన్స్ కరెంటును తక్కువ వోల్టుల డీసీగా మార్చే పవర్ సప్లై) వేస్తానన్నవట, దాని మీద అన్ని ముద్రలూ ఉన్నయని. అక్కడ కొంచెం ఆగు. ఏ పరీక్ష పాసైతే ఆ ముద్ర వచ్చిందో ముందు తెలుసుకో.

మన దేశంలో 48 వోల్టుల దాకా అవుట్‌పుట్ ఇచ్చే విడి ఎస్‌ఎమ్‌పీఎస్‌లకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ముద్ర దగ్గర ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటది. బీఐఎస్ కేర్ యాప్‌లో దాన్ని కొట్టి చూడు. డబ్బా మీది మోడల్ నంబరు చివరి అక్షరం దాకా రిజిస్ట్రేషన్‌తో కలవాలె. కలవకపోతే వాపసు పంపు, దుకాణదారు తెలిసినాయన అని మొహమాటపడకు.

ఆ ముద్ర దగ్గర ఐఎస్ 13252 అని ఉంటే, అది కంప్యూటర్ల వంటి ఐటీ పరికరాల కోసం రాసిన ప్రమాణం. పెద్ద మోటర్లు ఆన్, ఆఫ్ అయ్యే చోట లైన్ల మీద వచ్చే వోల్టేజీ దెబ్బలు ఆఫీసులో ఉండవు. అందుకే డేటాషీట్‌లో అంతర్జాతీయ ప్రమాణాలైన ఐఈసీ 61010-2-201 గానీ 62477-1 గానీ ఉన్నదా, ఓవర్‌వోల్టేజ్ కేటగిరీ (ఎంత వోల్టేజీ దెబ్బ తట్టుకుంటదో చెప్పే తరగతి) రెండా మూడా చూడు. మిల్లు మెయిన్ బోర్డు పక్కన పెట్టే ప్యానెల్‌కు మూడు తీసుకో.

యూరప్‌లో అమ్మే సరుకు మీద ఉండే సీఈ ముద్రను ఎక్కువగా తయారీదారే వేసుకుంటడు, అక్కడి చట్టమే అట్ల ఉన్నది. అయితే దాని వెనక, సరుకు ఆ నిబంధనలకు సరిపోతదని తయారీదారు రాసిచ్చిన డిక్లరేషన్ కాగితం ఉండాలె. అడిగితే ఆ కాగితం పంపలేని కంపెనీ సరుకు మనకొద్దు. అమెరికా భద్రతా పరీక్షల సంస్థ యూఎల్ ముద్రల్లో, గుండ్రంలో ఉన్న ముద్ర పూర్తి వస్తువుకు ఇచ్చింది. తిరగబడిన ‘ఆర్’ ఉన్న ముద్ర విడిభాగానికి ఇచ్చింది. దాన్ని ఏ షరతుల మీద వాడాలో రిపోర్టులో ఉంటది. ఆ షరతులు పాటించే బాధ్యత ప్యానెల్ కట్టిన నీది.

రైస్ మిల్లు దగ్గర నాకు ఎక్కువ భయం వేడి, ఎర్త్. ఎండాకాలం బయటే 44 డిగ్రీలుంటే, తవుడు దుమ్ము రాకుండా మూసేసిన ప్యానెల్‌లో ఇంకెంత ఉంటదో లెక్కేసుకో. చాలా ఎస్‌ఎమ్‌పీఎస్‌లు 50 డిగ్రీల దాకానే పూర్తి లోడ్ ఇస్తయి. ఆ పైన డీరేటింగ్ గీత (వేడి పెరిగినకొద్దీ ఎంత లోడ్ తగ్గించాలో చూపే గీత) కిందికి దిగుతది. ఆరు ఆంపియర్ల లోడుకు పది ఆంపియర్లది పెట్టు, ఖర్చుకు వెనకాడకు.

ఎర్త్ సంగతి మరీ ముఖ్యం. లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల ఎర్త్ లేని ఎస్‌ఎమ్‌పీఎస్ బాడీ మీద మెయిన్స్‌లో సగం దాకా వోల్టేజీ నిలుస్తది. పట్టుకుంటే జివ్వుమంటది. అది చిన్న కరెంటే గానీ, లోపల ఇన్సులేషన్ పోయిన రోజు కాపాడాల్సిందీ ఆ ఎర్తే. మనవైపు ఎర్త్ గుంటలు మార్చి దాటితే ఎండిపోతయి. నీళ్లు పోయించి, రెసిస్టెన్స్ కొలిచి, ఆ అంకె కాగితం మీద పెట్టి మిల్లు ఓనరుతో సంతకం పెట్టించుకో.

పోలేపల్లి పని వేరే తీరు. మంట అంటుకునే సాల్వెంట్ ఆవిర్లు ఉండే ప్రమాద ప్రాంతాలు, అంటే జోన్ 1, జోన్ 2లలో మామూలు ఎస్‌ఎమ్‌పీఎస్ పెట్టొద్దు. సీఈ, యూఎల్ ఎన్ని ఉన్నా అక్కడ అక్కరకు రావు. కంట్రోల్ ప్యానెల్‌ను సేఫ్ ఏరియాలోనే కట్టు. లోపల తప్పక పెట్టాల్సిన వాటికి ఐఎస్/ఐఈసీ 60079 ప్రకారం సర్టిఫికెట్, పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఆమోదం అడుగు.

కొటేషన్ అడిగేటప్పుడే మోడల్ నంబరు, ప్రమాణం, ఓవర్‌వోల్టేజ్ కేటగిరీ, టెస్ట్ రిపోర్టు కాపీ కావాలని రాసెయ్యి. ఆ కాపీ ఒకటి ప్యానెల్ తలుపు లోపలి జేబులో పెట్టు. రేపు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ అడిగినా, పదేండ్లకు దాన్ని మార్చే పిల్లగాడికైనా పనికొస్తది. పోలేపల్లి వాళ్ల జోన్ డ్రాయింగ్ చేతికి రాగానే నాకు పంపు, కేబుల్ గ్లాండ్ల (కేబుల్ లోపలికి వచ్చే చోట బిగించే బిరడాల) సంగతి అది చూసి రాస్తా.

మీ పెదనాయన