అమ్ములూ, టోక్యోలో రైలు సంగతి తర్వాత, ముందు ఒకసారి నడువు

అమ్ములూ,

నీకు టోక్యోలో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, చెప్తూనే ఏడ్చింది, అది సంతోషమో బెంగో దానికే తెలీలేదు. నాకైతే మన ఇంటి పిల్ల అంత దూరం వెళ్తోందని భలే గర్వంగా అనిపించింది, కానీ ఇల్లు నిషికసాయ్‌లో, ఆఫీసు ఓతెమాచిలో అనగానే గుండె గుభేల్మంది. ఎందుకో చెప్తా, ఓపిగ్గా చదువు, బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకోకు.

చిన్నవి ముందు చెప్పేస్తా. సుయికానో పాస్మోనో ఏదో ఒక టికెట్ కార్డు తీసుకో, ఏదైనా అన్ని లైన్లకీ పనిచేస్తుంది. టోక్యో మెట్రోవి 9 లైన్లు, టోక్యో ప్రభుత్వం నడిపే తోయెయ్‌వి 4, నడిపేవాళ్లు వేరు, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారితే ఛార్జీ మళ్లీ పడుతుంది, చూసుకుని ఎక్కు. స్టేషన్ పేర్లు చదవలేకపోయినా కంగారు లేదు, 2004 నుంచి అన్నిటికీ నంబర్లున్నాయి, నువ్వు టి16లో ఎక్కి టి09లో దిగడమే. సాయంత్రం వచ్చేటప్పుడు మాత్రం రాపిడ్ ఎక్కకు, అది తోయోచో తర్వాత మన స్టేషన్ వదిలేసి సరాసరి ఉరయాసులో ఆగుతుంది. పొద్దున రష్ గురించి చెప్పక్కర్లేదు, నువ్వెక్కే తోజాయ్ లైన్‌లో కిబా దగ్గర 2019లో పెట్టెల్లో పట్టేదానికి 199 శాతం జనం, జపాన్ మొత్తంలో అదే ఎక్కువ, బ్యాగు ముందుకి వేసుకో, పొద్దున పూట ఆడవాళ్ల పెట్టె ఉంటుంది అందులో ఎక్కు. ఆఖరి రైలు అర్ధరాత్రి దాటగానే అయిపోతుంది, పార్టీలు గీర్టీలు అని కూర్చుంటే తెల్లారి ఐదింటిదాకా దిక్కుండదు, ట్యాక్సీకి రాత్రి రేటు 20 శాతం ఎక్కువ.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు హైదరాబాద్ మెట్రో అలవాటైన దానివి. అది మొత్తం పిల్లర్ల మీదే కదా, కిటికీలోంచి అమీర్‌పేట వచ్చిందో ఖైరతాబాద్ వచ్చిందో కళ్లకి కనిపిస్తూ ఉంటుంది, తెలీకుండానే ఊరు అర్థమైపోతుంది. టోక్యో మెట్రో అలా కాదు, ఊరి మధ్యలో చాలావరకు భూమి కిందే. ఇక్కడ కన్నంలో దిగి అక్కడ కన్నంలోంచి పైకి రావడమే, మధ్యలో ఏముందో ఏళ్ల తరబడి ఉన్నా తెలీదు.

మీ పెదనాన్న సంగతి అంతే అయింది. మేం టోక్యోలో ఉన్నప్పుడు ఇల్లు నిషికసాయ్‌లోనే, ఆయన ఆఫీసు కూడా ఓతెమాచిలోనే. అక్కడ ఐదు లైన్లు కలుస్తాయి, ఆయనకి మాత్రం తెలిసింది ఒకే ఒక ఎగ్జిట్. "ఆదివారం పూట ఒకసారి పైన రోడ్డు మీద నడిచొద్దామండీ, ఊరు చూసినట్టుంటుంది" అని నేను ఎన్నిసార్లు అడిగానో, రైల్లో పావుగంటలో వచ్చేదానికి పది కిలోమీటర్లు ఎవడు నడుస్తాడే అని నవ్వేవారు.

2011 మార్చి 11, మధ్యాహ్నం 2:46. నేను ఇంట్లో, ఫ్లాట్ ఊగడం ఆగాక చేసిన మొదటి పని బకెట్లలో నీళ్లు నింపడం. ఊళ్లో రైళ్లన్నీ ఆగిపోయాయి. ఫోన్లు కలవవు. ఈయన చీకటి పడ్డాక నడుచుకుంటూ బయల్దేరారు, ఎటు వెళ్లాలో తెలీక జనం ఎటు పోతే అటు పోయారు మహానుభావుడు. వాళ్లందరికీ దారి తెలుసు, కాకపోతే వాళ్లది ఉత్తరాన సైతామా వైపు దారి, మన ఇల్లేమో తూర్పున! ఫుట్‌పాత్ నిండా మనుషులు, కొందరి తలకి ఆఫీసులో ఇచ్చిన హెల్మెట్లు, ఒక్కరు గట్టిగా మాట్లాడట్లేదట, అడుగుదామంటే ఈయనకి భాష మొహమాటం. అకిహబారా బోర్డు కనిపించాక గానీ ఉత్తరానికి వచ్చేశానని తెలీలేదు. అక్కడ కోబన్‌లో, అంటే వీధి పోలీసు గదిలో, పోలీసు గోడ మీద మ్యాప్ చూపించి వేలితో దారి గీసి చెప్పాడు, పుణ్యాత్ముడు.

ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి. ఆఫీసు తోలు బూట్లు, మడమలు చితికిపోయి సాక్సు కాలికి అతుక్కుపోతే గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి ఊడదీశాను. తిట్టాలని అన్ని గంటలు దాచుకున్న తిట్లు ఒక్కటీ నోట్లోంచి రాలేదు, అన్నం కలిపి పెట్టాను, తింటూ తింటూ కూర్చునే నిద్రపోయారు.

ఆ రైళ్ల తప్పేం లేదు, నిజం చెప్పాలి. 1927 డిసెంబర్ 30న అసకుసా నుంచి ఉయెనోకి 2.2 కిలోమీటర్లు వేశారు, ఆసియాలో అదే మొదటి సబ్‌వే. వేసిన హయకవా నోరిత్సుగు అనే ఆయన ముందు రోడ్డు మీద నిలబడి, జేబులో గింజలు పోసుకుని, పోయేవాళ్లని వచ్చేవాళ్లని లెక్కపెట్టాడని చెప్తారు. చూశావా, భూమి కింద రైలు నడిపినాయన కూడా ముందు పైన రోడ్డే చూశాడు, మీ పెదనాన్నకి ఆ బుద్ధి లేకపోయింది. ఇప్పుడేమో రొప్పోంగిలో ఓయెదో లైన్ 42 మీటర్ల లోతున ఉంది, ఎస్కలేటర్ల మీద దిగుతుంటే దిగుతూనే ఉంటాం.

అందుకని వెళ్లిన మొదటి ఆదివారమే ఓతెమాచి నుంచి ఇంటికి పైన నడువు. కష్టమేం కాదు, తోజాయ్ లైన్ చాలా దూరం ఎయితాయ్ రోడ్డు కిందే పోతుంది, నిహొంబాషి, కయాబాచో, నది దాటి మొంజెన్‌నకచో, కిబా, తోయోచో, వరసగా స్టేషన్ బోర్డులు తగుల్తూ ఉంటాయి. ఆ తర్వాత అరకవా నది, కసాయ్ బ్రిడ్జి ఎక్కి దాటాలి, ఆ బ్రిడ్జికి దారి పగలే చూసిపెట్టుకో, నాకు భయమల్లా అక్కడే. మన రైలు కూడా అక్కడ బయటికొచ్చి నది మీదుగా పోతుంది, 1978లో సుడిగాలికి ఆ రైలు వంతెన మీదే పెట్టెలు బోల్తా పడ్డాయి. తుఫాను అన్న రోజు మధ్యాహ్నమే బయల్దేరి వచ్చెయ్, బాస్ ఏమంటాడో అని కూర్చోకు. ఆఫీసు బల్ల కింద ఒక జత నడిచే బూట్లు, కాగితం మ్యాప్, కాస్త చిల్లర ఎప్పుడూ ఉండాలి.

ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించకు, భూకంపం మాట చదివిందంటే నీ టికెట్ క్యాన్సిల్ చేయించేస్తుంది. అది కట్టే చింతపండు కిలోలు కిలోలు మోసుకెళ్లకు, నిషికసాయ్ ఇండియన్ షాపుల్లో దొరుకుతుంది, సూట్‌కేసులో ఆ చోటు బూట్లకి ఉంచు.

మీ పెద్దమ్మ