కుక్కపిల్ల వాడిది, చాకిరీ నాది.. ఇట్లెన్ని దినాలు?

మిర్యాలగూడ నుంచి ఒక చెల్లె రాసింది. కొడుకుకు పన్నెండేళ్లు, ఏడో తరగతి. దసరా సెలవుల్ల దోస్తు ఇంటికాడి నుంచి కుక్కపిల్లను ఎత్తుకొచ్చిండు, "అమ్మా అన్నీ నేనే చూస్కుంట, ఒట్టు" అన్నడు, రెండు వారాలు చూసిండు కూడా. ఇప్పుడు దానికి మూడు నెలలు నిండినయి, గిన్నె కడిగేది, పెరడు ఊడ్చేది, రాత్రి అది కుయ్‌కుయ్‌ మంటే లేచేది అంతా ఈమెనే. అది దేవునర్ర దిక్కు పోతే అత్తమ్మ కట్టె తీస్తది. రైస్‌మిల్లుల పనిచేసే భర్తేమో "ఒక్కపూట దానికేం పెట్టకు, అది అరుస్తుంటే వీనికి బుద్ధొస్తది, రాలేదంటే ఆదివారం బైపాస్ మీద ఇడిచిపెట్టొస్త" అంటున్నడట. ఇంత చిన్నోళ్లకు జంతువు బాధ్యత ఇయ్యొచ్చా, ఇస్తే వాళ్లతోని ఎట్ల చేయించాలె అని ఆమె అడుగుతున్నది.

చెల్లె, ముందుగాల ఆ పస్తు ముచ్చట బంద్ చేయించుండ్రి. మాట తప్పింది పిలగాడు, కడుపు మాడేది కుక్కపిల్లకా, ఇదేం లెక్క? దాన్ని చూసి వాడు బాధ్యత నేర్చుకోడు, ఎవరి మీదన్న కోపమొస్తే నోరులేనిదాని మీద తీర్చుకోవచ్చని నేర్చుకుంటడు.

ఇగ మీరు అడిగినదానికి వస్త. పన్నెండేళ్ల పిలగాడు కుక్కకు పని చేయగలడు గని కుక్కకు జిమ్మేదార్ కాలేడు, ఈ రెండూ ఒకటే అనుకున్నందుకే మీ ఇంట్ల లొల్లి అయితున్నది. వాడు ఒట్టేసినప్పుడు అబద్ధం చెప్పలే, నిజంగనే చేస్తననుకున్నడు, రెండు వారాల తర్వాత కూడా రోజూ అదే పని ఉంటదని ఆ వయసుల ఎవరికి తెలుస్తది? మూడు నెలల పిల్లకు రోజుకు మూడు నాలుగుసార్లు కొంచెం కొంచెం పెట్టాలె, మధ్యాహ్నం పూట వాడు క్లాసుల ఉంటడు, ఆ పూట ఎట్లైనా మీదే. ఇంకోటి ఎవరూ ఆలోచించరు.. కుక్క పది పన్నెండేళ్లు బతుకుతది, మనకాడ పిల్లలు పదో తరగతి కాంగనే ఇంటర్‌కని హైదరాబాద్ హాస్టల్‌కు పోతరు. అంటే నాలుగేళ్లు తిరగకముందే వాడు పెట్టె సర్దుకుంటడు, కుక్క మీ గేటు కాడనే ఉంటది. అందుకే పిల్లల కోసం కుక్క తెచ్చుకుందామా అని ఎవరన్న అడిగితే నేను ఒక్కటే అంట, పిలగాడు లేకున్నా మీరు దాన్ని సాకుతరా, సాకుతరంటే తెచ్చుకోండ్రి.

మరి పిల్లలకు ఏమీ ఇయ్యొద్దా అంటే, ఇయ్యాలె. నాకు తొమ్మిదేళ్లప్పుడు నాగర్‌కర్నూల్ దిక్కు మా అమ్మమ్మ ఊర్ల తల్లి చచ్చిపోయిన మేకపిల్లను నాకప్పజెప్పిన్రు, పాలసీసతోని పట్టాలె. ఆటల పడి నేను మరిచిపోయిన రోజులు మస్తున్నయి, అయినా "పట్టిన అమ్మమ్మా" అనేదాన్ని, ఆమె తలకాయ ఊపేది, ఏమనకపోయేది. పెద్దయినంక మా చిన్నమ్మ చెప్పింది, నేను పండుకున్నంక అమ్మమ్మ లేచి చీకట్ల మేకపిల్ల పొట్ట తడిమి చూసేదట, మెత్తగుంటే ఆమెనే సీస పట్టేదట, తెల్లారి నాతోని "నిన్న పొట్ట ఖాళీగుండె బిడ్డా, ఇయాల మరువకు" అని ఒక్క మాట. నాకు ఆ మాట యాదికుంది గని ఆ సీస సంగతి నాకేం తెలుసు. మీరు కూడా చేయాల్సింది ఇదే, పని వానిది, పొట్ట తడిమి చూసుడు మీది.

అన్నీ నువ్వే చెయ్ అని మీద పడేస్తే ఏదీ చేయడు, రెండు పనులు పెట్టుండ్రి చాలు. పొద్దుగాల బ్రష్ చేసుకునే ముందు నీళ్ల గిన్నె కడిగి నింపుడు, సాయంత్రం బడి నుంచి రాంగనే, ఫోన్ ముట్టుకోకముందే దానికి అన్నం పెట్టుడు. పట్టిక రాసి ఫ్రిజ్ మీద అతికించుడు నాకు పెద్దగ నమ్మకం లేదు, వారం దినాలకు దాన్ని ఎవరూ చూడరు, వాడు ఎట్లాగూ రోజూ చేసే పనికి ముడిపెడితేనే నిలుస్తది. మరిచిపోతే గుర్తు చేయుండ్రి, తిట్టకుండ్రి. అన్నంల ఉడకబెట్టిన గుడ్డో, ఉప్పు కారం లేని చికెన్ ముక్కనో కలపాలె, ఉల్లిగడ్డ, చాక్లెట్, ద్రాక్షపండ్లు, ఉడికిన బొక్కలు వద్దు అని వానికే నేర్పుండ్రి, ఇసొంటియి పిల్లలు మనకంటే బాగ యాదికుంచుకుంటరు. దొడ్డికి పోయింది ఎత్తుడు మాత్రం పెద్దోళ్లు చేస్తేనే మంచిది, దాంట్ల పురుగుల గుడ్లుంటయి, వానితోని చేపిస్తే కవర్ చేతికి తొడిగి, తర్వాత సబ్బుతోని కడిగించాలె.

ఇప్పుడు అసలు భయపడే సంగతి, ఇది మీ ఆయనకు కూడా చదివి వినిపించుండ్రి. ఆ వయసు కుక్కపిల్లలు పండ్లు పెడుతుంటయి, గోర్లు గీరుతయి. కుక్కను ఇడిచిపెట్టొస్త అని నాయన రోజూ బెదిరిస్తుంటే పిలగాడు గాటు పడ్డా చెప్పడు, ప్యాంటు కిందికి లాగి దాచిపెడతడు. రేబిస్ లక్షణాలు బయటపడ్డంక మనిషి దక్కుడు దాదాపు ఉండదు. గాటు పడితే కారం, సున్నం, పసరు పెట్టకుండ పారే నీళ్ల కింద సబ్బుతోని పావుగంట కడిగి అదే రోజు సర్కారు దవాఖానకు పోవాలె, సూదులు అక్కడ ఉచితమే, చెప్పినన్ని రోజులు పోయి పూర్తిగ వేయించుకోవాలె. "గీరితే చెప్పు బిడ్డా, కుక్కను ఏమనం" అని మీ ఆయన నోటితోనే వానికి చెప్పించుండ్రి.

బైపాస్ సంగతంటరా, అద్దంకి నార్కట్‌పల్లి రోడ్డు మీద లారీలు ఎట్ల పోతయో మిర్యాలగూడోళ్లకు నేను చెప్పాల్నా? సాకుతున్న జంతువును ఉత్తగనే ఇడిచిపెట్టుడు 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం కూడా. నిజంగ మీతోని కాదనుకుంటే, బాయికాడ కాపలాకు కుక్క కావాలనేటోళ్లు మన దిక్కు దొరుకుతరు, నిదానంగ ఎతకండ్రి, పిలగాన్ని ఎంబడి తీస్కపోయి వాని చేతులతోనే అప్పజెప్పించుండ్రి, ఏడుస్తడు, ఏడ్వనియ్యుండ్రి. బడికి పోయినప్పుడు మాయం చేసి "పారిపోయింది" అని మాత్రం చెప్పొద్దు.

అత్తమ్మ కోసం దేవునర్ర గడపకు అడ్డంగ ఒక చెక్క పెట్టుండ్రి, ఆమెతోని వాదన వద్దు, ఆమె ఇల్లు అది.

ఉంచుకుందామనుకుంటే ఈ వారంలనే ముగ్గురూ కలిసి పశువుల దవాఖానకు పోండ్రి. మూడు నెలలు నిండినయి కాబట్టి రేబిస్ సూది వేస్తరు, కడుపుల పురుగులు పోయేటందుకు మందు కూడా అడగుండ్రి, రేబిస్ సూది ఏడాదికోసారి మళ్ల వేయించాలె. తాడు పిలగాని చేతికియ్యుండ్రి. కార్డు రాసేటప్పుడు కుక్క ఎవరిదని అడుగుతరు, అక్కడ మీ ఆయన పేరు రాయించుండ్రి.